ఉన్నత పాఠశాలల్లో సౌరశక్తి బోధన: కొలిచి చూడవలసిన పాఠం

ప్రత్యేక వ్యాసం

దేశంలో సౌర విద్యుత్తు స్థాపిత సామర్థ్యం 2025 జనవరి మాసాంతానికి లక్ష మెగావాట్లను దాటిన విషయం విదితమే. అదే సంవత్సరం జూన్ నాటికి జల, అణు, పవన, సౌర తదితర శిలాజేతర వనరుల వాటా దేశ మొత్తం విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగానికి చేరింది. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్‌ను ప్రారంభించినప్పుడు 2022 నాటికి 20 వేల మెగావాట్లు సాధించాలన్నది లక్ష్యం. దానిని 2015లో లక్ష మెగావాట్లకు పెంచినప్పుడు ఇది సాధ్యమయ్యే పనేనా అని సందేహించిన వారు లేకపోలేదు. గడువు దాటినప్పటికీ అంకె మాత్రం నెరవేరింది.

ఈ ప్రగతిలో తెలుగు నేల భాగస్వామ్యం తక్కువది కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల పరిసరాలలో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు 2017లో అందుబాటులోకి వచ్చింది. విశాఖ సమీపంలోని సింహాద్రి జలాశయంపై 25 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం 2021లోను, రామగుండంలో 100 మెగావాట్ల కేంద్రం 2022లోను పనిచేయనారంభించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులోను, తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలోను స్వచ్ఛ ఇంధన విధానాలను ప్రకటించాయి. ఇక 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల పైకప్పులను లక్ష్యంగా పెట్టుకుని, 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేల రూపాయల చొప్పున, 3 కిలోవాట్లు, ఆపైన సామర్థ్యానికి మొత్తం 78 వేల రూపాయల రాయితీని ప్రకటించడంతో సౌరశక్తి అన్నది పార్కుల నుంచి వీధిలోకి, వీధి నుంచి ఇంటి మేడపైకి వచ్చింది.

ఇవన్నీ పదిహేనేళ్ల విద్యార్థి కళ్లెదుట జరుగుతున్న మార్పులు. అతని పాఠ్యపుస్తకంలో మాత్రం ఇందుకు విరుద్ధమైన పరిణామం చోటుచేసుకోవడం గమనార్హం. కొవిడ్ అనంతరం పాఠ్యభారం తగ్గింపులో భాగంగా జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పదో తరగతి సామాన్య శాస్త్రం నుంచి ‘శక్తి వనరులు’ అధ్యాయాన్ని తొలగించింది. 2023లో వెలువడిన పుస్తకాలలో ఆ అధ్యాయం లేదు. ఆంధ్రప్రదేశ్ 2024-25 విద్యా సంవత్సరం నుంచి పదో తరగతికి జాతీయ మండలి పాఠ్యాంశాలనే స్వీకరించినందున, రాష్ట్ర విద్యార్థికి కూడా ఆ పాఠం ప్రత్యేక అధ్యాయంగా అందుబాటులో లేదు. ఉమ్మడి రాష్ట్ర కాలంలో రూపొందిన పదో తరగతి భౌతిక శాస్త్ర పుస్తకంలో వక్రతలాలపై కాంతి పరావర్తనం పాఠంలోనే సోలార్ కుక్కర్ తయారీ కృత్యం ఉన్నది. టి.వి. డిష్ ఆకారంలో చట్రం చేసి, త్రిభుజాకారపు అద్దపు ముక్కలు అతికించి, కాంతి కేంద్రీకృతమయ్యే చోట గిన్నె ఉంచాలని అందులో వివరించారు. ఎందరు చేసి చూశారన్నది వేరే సంగతి.

తొలగించిన అధ్యాయం గురించి విద్యావేత్తలు వ్యక్తం చేసిన ఆవేదన సహేతుకమే. అయితే ఆ అధ్యాయం ఉన్న రోజులలో బోధన ఎలా సాగిందో కూడా నిష్పాక్షికంగా పరిశీలించవలసి ఉన్నది. ఒక శంఖాకారపు కుప్పెకు నల్లరంగు, మరొకదానికి తెల్లరంగు పూసి, నీరు నింపి ఎండలో ఉంచి ఉష్ణోగ్రతలు పోల్చే చక్కని కృత్యం అందులో ఉండేది. ఆచరణలో అది కూడా చదివి వదిలివేసిన పేరా అయింది. పరీక్షలో అడిగినది సౌరశక్తి వల్ల లాభాలేవి, పరిమితులేవి అని. విద్యార్థి కంఠస్థం చేసినది నాలుగు లాభాలు, మూడు పరిమితులు. అందువలన పోయిన అధ్యాయం కోసం ఎదురుచూడడం కంటె ఉన్న పాఠాలలోనే సౌరశక్తిని కొలిచి చూపించడం మేలని భావించవలసి వస్తున్నది. విద్యుత్ పాఠంలో ఓం నియమం, శ్రేణి సంధానం, సామర్థ్యం, కిలోవాట్ అవర్ ఉన్నాయి. కాంతి పాఠంలో పుటాకార దర్పణం ఉన్నది. సౌర ఫలకాన్ని గురించి పదో తరగతి విద్యార్థి తెలుసుకోవలసిన దానిలో అధిక భాగం ఈ రెండు పాఠాల పరిధిలోనే ఉన్నది. అదనపు పీరియడ్లు గాని, కొత్త పుస్తకం గాని అవసరం లేదు.

కావలసిన సామగ్రి కూడా స్వల్పమే. పది వాట్ల చిన్న సోలార్ ప్యానెల్ ఒకటి, డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, ప్రయోగశాలలో ఎలాగూ ఉండే రియోస్టాట్, ఒక థర్మామీటర్, కొలబద్ద, కోణమానిని. మొదటి రెండింటి వెల కలిపి సుమారు రెండు వేల రూపాయలకు మించదు. సమగ్ర శిక్ష కింద విద్యార్థుల సంఖ్యను బట్టి పాఠశాలలకు కాంపోజిట్ గ్రాంటు అందుతుంది. 101 నుంచి 250 మంది విద్యార్థులున్న పాఠశాలకు నిర్దేశించిన మొత్తం సంవత్సరానికి 50 వేల రూపాయలు. ఆ మొత్తంలో ఇది పెద్ద భాగం కాబోదు.

ఎండకు, వేడికి తేడా

సౌర ఫలకాన్ని గురించి మన సమాజంలో స్థిరపడిన అపోహలలో మొదటిది, ఎండ ఎంత మండితే విద్యుత్తు అంత ఎక్కువ వస్తుందన్నది. రాయలసీమలో మే నెల మధ్యాహ్నం గరిష్ఠ ఉత్పత్తి జరుగుతుందని చదువుకున్న వారు సైతం అనుకుంటారు. వాస్తవానికి ఫలకానికి కావలసినది వెలుగు. వేడి దానికి ప్రతికూలం. సిలికాన్ ఫలకాల సామర్థ్యాన్ని 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లెక్కగట్టి వెనుక ముద్రిస్తారు. ఫలకం ఉష్ణోగ్రత అంతకు మించి పెరిగే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.4 శాతం మేర తగ్గుతుంది. మండువేసవిలో ఫలకం ఉపరితలం 65 డిగ్రీలకు చేరిందనుకుంటే, 40 డిగ్రీల పెరుగుదలకు 16 శాతం నష్టం. ఈ లెక్క ఆర్ట్స్ చదివిన వారికి కూడా అందుతుంది.

విద్యార్థి దీనిని చదవనవసరం లేదు, చూడవచ్చును. పది వాట్ల ఫలకంలో సాధారణంగా 36 ఘటాలు శ్రేణిలో ఉంటాయి. నీడలో చల్లగా ఉన్న ఫలకాన్ని ఎండలోకి తెచ్చిన వెంటనే ఏ పరికరమూ కలపకుండా వోల్టేజి చూస్తే దాదాపు 21 వోల్టులు కనిపిస్తుంది. ఇరవై నిమిషాలు ఎండలో ఉంచి, మరల చూస్తే ఒకటి రెండు వోల్టులు తగ్గి ఉంటుంది. ఫలకం వెనుక భాగాన తడిగుడ్డ పరచి కాసేపు ఆగితే అంకె తిరిగి పైకి జరుగుతుంది. ఒక పీరియడ్‌లో ముగిసే ఈ ప్రయోగం తరువాత సౌరశక్తి అంటే వేడి అన్న అపోహ ఆ తరగతిలో నిలవదు. తేలియాడే సౌర కేంద్రాలను నీటిపై ఏర్పాటు చేయడంలో భూమి ఆదాతో పాటు చల్లదనం కూడా ఒక ప్రయోజనమని అప్పుడు చెబితే, రామగుండం, సింహాద్రి పేర్లు విద్యార్థికి జనరల్ నాలెడ్జ్ బిట్లుగా కాక భౌతిక శాస్త్రంగా బోధపడతాయి.

రెండవ అపోహ ఉపాధ్యాయులలోనూ కనిపించేది. ఫలకానికి వోల్ట్‌మీటర్ కలిపి, మబ్బు పట్టినప్పుడు కూడా అంకె పెద్దగా తగ్గలేదు గనుక మబ్బులోనూ ఫలకం దాదాపు పూర్తిగా పనిచేస్తున్నదని నిర్ధారణకు వస్తారు. ఇది పొరపాటు. వెలుగు తగ్గినప్పుడు వోల్టేజి స్వల్పంగానే తగ్గుతుంది, కరెంటు మాత్రం వెలుగుతో పాటే పడిపోతుంది. నిండు ఎండలో 600 మిల్లీ ఆంపియర్ల వరకు వచ్చే ఫలకం దట్టమైన మబ్బు పట్టినప్పుడు అందులో నాలుగో వంతు, కొన్ని సందర్భాలలో పదో వంతు మాత్రమే ఇవ్వవచ్చు. కాబట్టి రెండూ కొలవాలి, రెంటినీ గుణించాలి. సామర్థ్యం అంటే వోల్టేజి, కరెంటుల లబ్ధమన్న సూత్రానికి ఇంతకంటె ప్రత్యక్ష నిదర్శనం ప్రయోగశాలలో దొరకదు.

ఇక్కడ ఒక ఆచరణాత్మక అంశాన్ని ప్రస్తావించవలసి ఉన్నది. చాలా మల్టీమీటర్లలో కరెంటు కొలిచేందుకు రెండు సాకెట్లు ఉంటాయి. చిన్న కరెంటుకు ఉద్దేశించిన 200 మిల్లీ ఆంపియర్ల సాకెట్‌కు ఈ ఫలకాన్ని కలిపితే ఫ్యూజు పోతుంది, మీటర్ పాడైందని పక్కన పెడతారు. ఎర్రతీగను 10 ఆంపియర్ల సాకెట్‌లో ఉంచాలి. కొలత ముగిసిన తరువాత దానిని తిరిగి వోల్టుల సాకెట్‌కు మార్చడం మరువరాదు. అలాగే ఫలకం రెండు కొసలను ఆమ్మీటర్ ద్వారా నేరుగా కలపడానికి ఉపాధ్యాయులు జంకుతారు. బ్యాటరీని అలా కలిపితే తీగలు కాలుతాయి గనుక ఆ జంకు సహజమే. సౌర ఫలకం విషయంలో ఆ ప్రమాదం లేదు. దానిపై పడే వెలుగు ఎంత కరెంటును అనుమతిస్తుందో అంతకు మించి రాదు. బ్యాటరీకి, సౌర ఘటానికి గల ఈ తేడాను ఉపాధ్యాయుడు చేసి చూపితే తరగతి మొత్తం లేచి నిలబడి చూస్తుంది.

నీడ ప్రయోగం మరింత ఆసక్తికరం. ఫలకాన్ని పూర్తి ఎండలో ఉంచి రియోస్టాట్‌కు కలిపి కరెంటు చూడాలి. తరువాత 36 ఘటాలలో ఒక్క ఘటాన్ని మాత్రం అట్టముక్కతో పూర్తిగా కప్పాలి. కప్పిన వైశాల్యం ముప్పై ఆరో వంతే అయినా, కరెంటు అంతకు ఎన్నో రెట్లు పడిపోతుంది. వినాయక చవితి పందిరిలోని సీరియల్ బల్బులలో ఒకటి పోతే వరుస మొత్తం ఆరిపోవడం పిల్లలందరికీ తెలిసినదే. శ్రేణి సంధానమంటే ఇదే. పెద్ద ఫలకాలలో బైపాస్ డయోడ్లను అమర్చి నష్టాన్ని కొంత తగ్గిస్తారు గాని పూర్తిగా తొలగించలేరు. మేడపై వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరి మట్ట నీడ ఎంత నష్టం చేస్తుందో ఈ ప్రయోగం చేసిన విద్యార్థి తన ఇంటివారికి చెప్పగలడు. ఈ వ్యాసంలో ప్రధానంగా చర్చించదలచిన అంశం ఇదే. సూర్యఘర్ పథకం కింద బ్యాంకు రుణం తీసుకుని మూడు కిలోవాట్ల ఫలకాలు పెట్టించుకునే కుటుంబంలో సాంకేతిక విషయాలను ప్రశ్నించగల వ్యక్తి తరచుగా పదో తరగతి చదివే పిల్లవాడో, పిల్లో అయి ఉంటారు. ఫలకాలు ఏ దిక్కుకు ఉంచాలి, ఎంత వాలు ఉండాలి, నీడ ఎక్కడ పడుతుంది, కిలోవాట్‌కు రోజుకు ఎన్ని యూనిట్లు ఆశించవచ్చు అని ఆ పిల్లలు అడగగలిగితే, అమ్మకందారు చెప్పిన మాటే చివరి మాట కాకుండా ఉంటుంది. మన ప్రాంతంలో ఏడాది సగటున ఒక కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు రావచ్చునన్న ఒక్క అంకె తెలిసినా అతిశయోక్తి ప్రకటనలను అంచనా వేయవచ్చును.

వాలు సంగతి కూడా ఆటస్థలంలోనే తేలుతుంది. మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చే వేళ మీటరు పొడవు కర్రను నిలువుగా పాతి నీడను కొలిస్తే, ఆ కోణమే ఆ ఊరి అక్షాంశం. విజయవాడలో అది సుమారు 16.5 డిగ్రీలు. కాబట్టి నీడ 30 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఫలకాన్ని దక్షిణానికి దాదాపు అంతే వాలుతో బిగించడం వాడుక. హైదరాబాద్‌లో ఏటా మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం నిలువు వస్తువుకు నీడ కనిపించని క్షణం వస్తుంది. పత్రికలు ఆ రోజున ఫోటోలు ప్రచురిస్తాయి. సాంఘిక శాస్త్రంలోని అక్షాంశం, గణితంలోని త్రికోణమితి, భౌతిక శాస్త్రంలోని పతన కోణం మూడూ ఒకే కర్ర దగ్గర కలుస్తాయని సబ్జెక్టు ఉపాధ్యాయులు గుర్తిస్తే బాగుండును.

ఫలకం కూడా లేని పాఠశాల ఉండవచ్చు. వంద చదరపు సెంటీమీటర్ల ముఖం గల రేకు డబ్బాకు నల్లరంగు పూసి, 200 గ్రాముల నీరు పోసి, ఆ ముఖాన్ని సూర్యునికి ఎదురుగా ఉంచాలి. నిర్మలమైన ఆకాశంలో మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు. ఆ డబ్బా ముఖంపై పది వాట్లు. పది నిమిషాలలో 6,000 జౌళ్లు. అంతా నీటికే చేరితే ఉష్ణోగ్రత 7 డిగ్రీలు పెరగాలి. థర్మామీటర్ తప్పకుండా అంతకు తక్కువే చూపుతుంది. మిగిలినది ఎక్కడికి పోయిందని అడిగిన క్షణం నుంచి పాఠం విద్యార్థి చేతికి వస్తుంది. థర్మాకోల్ చుట్టి ఒకసారి, పైన గాజుపలక ఉంచి మరొకసారి అతనే చేసి చూస్తాడు.

రాత్రివేళ ఏమిటన్న ప్రశ్న ప్రతి తరగతిలోనూ వస్తుంది. నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద చేపట్టిన పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టును ఉదహరించి, పగటి విద్యుత్తుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదులుతారని చెప్పవచ్చు. అయితే దాని పరిమాణం పిల్లలకు అంతుపట్టాలంటే పాఠశాల మేడమీది ట్యాంకుతో మొదలుపెట్టాలి. పది మీటర్ల ఎత్తున వెయ్యి లీటర్ల నీరు నిలిపితే దానిలోని స్థితిజ శక్తి 98 వేల జౌళ్లు. యూనిట్లలోకి మార్చితే 0.027. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒకటి మూడు గంటలు వెలగడానికి సరిపోయేంత, అదీ నష్టాలేమీ లేవనుకుంటే. కొండలమీద జలాశయాలు ఎందుకు కట్టవలసి వస్తున్నదో ఈ చిన్న అంకె చెబుతుంది.

బీరువా, ప్రశ్నపత్రం

ఇంత సులభమైనవి ఎందుకు జరగడం లేదన్న ప్రశ్నకు నిధుల కొరత అన్న సమాధానం పూర్తిగా నిలవదు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పది వేల పాఠశాలలకు చేరాయి. రానున్న అయిదేళ్లలో మరో 50 వేలు ఏర్పాటు చేస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. పరికరాలు ఉన్న చోట కూడా బీరువాకు తాళం ఉంటున్నది. దీనికి ఉపాధ్యాయుని నిర్లక్ష్యమే కారణమనడం తొందరపాటు. స్టాక్ రిజిస్టరులో నమోదైన వస్తువు పగిలినా, పాడైనా సంజాయిషీ ఇవ్వవలసినది సంబంధిత స్కూల్ అసిస్టెంటే. ఎండలో నలభై మంది పిల్లల చేతుల్లో తిరిగిన మల్టీమీటర్ ఏడాదికి ఒకటైనా పాడవుతుంది. వాడినందుకు పాడైన వస్తువును వాడకుండా పాడైన దానితో సమానంగా చూసే పద్ధతి ఉన్నంతకాలం ఏ ఉపాధ్యాయుడైనా తాళం వేయడమే క్షేమమనుకుంటాడు. చిన్న ఫలకాలు, మీటర్లు, తీగలను రసాయనాల వలె వాడితే తరిగిపోయే వస్తువుల జాబితాలో చేర్చే అంశాన్ని జిల్లా విద్యాశాఖాధికారుల స్థాయిలో పరిశీలించవచ్చును. పైసా ఖర్చులేని సంస్కరణ ఇది.

రెండవది పరీక్ష. పదో తరగతిలో 20 అంతర్గత మార్కుల పద్ధతిని ఆంధ్రప్రదేశ్ 2019లో రద్దు చేసింది. తెలంగాణలో 2024 నవంబరులో ఇదే విషయమై నిర్ణయం వెలువడి, విస్తృత చర్చకు దారితీసింది. అంతర్గత మార్కులను ఉదారంగా వేస్తున్నారన్న ఆరోపణలో నిజం లేకపోలేదు. కాని వ్రాత పరీక్ష ఒక్కటే కొలమానమైన చోట ప్రయోగానికి విలువ ప్రశ్నపత్రం ద్వారానే రావాలి. సౌరశక్తి లాభనష్టాలు వ్రాయుము అన్న ప్రశ్నకు బదులు, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు ఒక ఫలకం ఇచ్చిన వోల్టేజి, కరెంటుల పట్టిక ఇచ్చి, ఏ గంటలో సామర్థ్యం గరిష్ఠం, మధ్యలో ఒక గంట అంకె ఎందుకు పడిపోయి ఉండవచ్చు, మొత్తం శక్తి ఎన్ని వాట్ అవర్లు అని అడగవచ్చును. ఫలకాన్ని చేతపట్టిన విద్యార్థి దీనికి రెండు నిమిషాలలో జవాబు వ్రాస్తాడు. గైడు చదివిన విద్యార్థి తడబడతాడు. ఇటువంటి ప్రశ్న ఒక్కసారి పబ్లిక్ పరీక్షలో కనిపిస్తే మరుసటి జూన్‌లో బీరువాలు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఉత్తర్వులతో రాని మార్పు నాలుగు మార్కుల ప్రశ్నతో రావడం విద్యాశాఖలో కొత్త కాదు.

విద్యా సంవత్సరపు క్రమం కూడా చూసుకోవాలి. మంచి ఎండ కాసే మార్చి, ఏప్రిల్ నెలలలో పదో తరగతి వారు పరీక్షలలో ఉంటారు, మిగిలిన వారికి ఒంటిపూట బడులు. జూన్‌లో బడి తెరిచే నాటికి మబ్బులు కమ్ముకుంటాయి. కాబట్టి జులై, ఆగస్టులలో మబ్బు ప్రయోగాలు, అక్టోబరు నుంచి జనవరి వరకు కోణం, నీడ, ఉష్ణోగ్రత ప్రయోగాలు అనుకూలం. సైన్స్ పీరియడ్ ఉదయం తొమ్మిదిన్నరకు పడితే పెద్దగా ప్రయోజనం ఉండదు. వారంలో ఒక్క రోజైనా పదకొండు, ఒంటిగంట మధ్య దానిని వేయడం ప్రధానోపాధ్యాయుల చేతిలోని పనే.

జాగ్రత్తలు కొన్ని తప్పనిసరి. సూర్యుని వైపు గాని, పుటాకార దర్పణం నుంచి పరావర్తనమైన కాంతి వైపు గాని నేరుగా చూడనీయరాదు. దర్పణాన్ని వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచాలి. చిన్న ఫలకం నిరపాయకరమే గాని, పాఠశాల పైకప్పుపై శ్రేణిలో కలిపిన పెద్ద ఫలకాలలో వందల వోల్టుల డి.సి. విద్యుత్తు ఉంటుంది. పగటివేళ వాటిని ఆపివేయడమన్నది లేదు. విద్యార్థులను వాటి తీగల దరికి వెళ్లనీయరాదు.

పైకప్పుపై ఫలకాలు ఉన్న పాఠశాలలకు మరొక అవకాశం కలదు. ఇన్వర్టర్‌పై ఆనాటి ఉత్పత్తి అంకె కనిపిస్తుంది. దానిని దూరం నుంచే చూసి వ్రాయవచ్చును. సాయంత్రం చివరి బెల్లుకు ముందు ఇద్దరు విద్యార్థులు తేదీ, యూనిట్లు, ఆకాశ స్థితి, ఫలకాలు కడిగిన రోజు అన్న నాలుగు గడులలో నమోదు చేస్తే సంవత్సరాంతానికి ఆ ఊరి ఎండ చరిత్ర తయారవుతుంది. ధూళి పేరుకున్న వారంలోని అంకెలకు, కడిగిన మరునాటి అంకెలకు గల తేడా ఆ రిజిస్టరులోనే బయటపడుతుంది. జిల్లా సైన్స్ అధికారులు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలో ఈ రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ పాఠశాలలో ఫలకాలు మూలనపడ్డాయో తనిఖీకి వెళ్లకుండానే తెలుసుకోవచ్చును.